తల్లి వెన్ను

అలిపిరి పాదాల మండపము కడ టెంకాయ కొట్టి, మొదటి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టి, పదునొకండు నెలల బిడ్డను చంక నెత్తుకొని, పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకొనుటకై 3,550 మెట్ల దారి పట్టిన మా అమ్మాయి, గాలిగోపురము వరకు గోవిందనామము చెప్పుకొనుచు బాగుగనే నడచినది గాని, మోకాళ్ళ పర్వతపు నిట్టనిలువు మెట్ల మొదటికి వచ్చునప్పటికి హఠాత్తుగా నిలిచిపోయి, బిడ్డను నా చేతుల కందించి, పక్కనున్న పిట్టగోడ నానుకొని, "అమ్మా, కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వున లాగతా ఉండాది, అడుగు పడలేదు" అన్నది. ఆమె ముఖమున చెమట పట్టియుండెను. ఆ చెమట ఎండ వలన పుట్టినది కాదని, తల్లినైన నాకు వెంటనే తెలిసినది.

ఆ నొప్పి ఆనాడు పుట్టినదియు కాదు. కాన్పు అయిన రెండవ నెలలో, ఉయ్యాల నుండి బిడ్డను వంగి ఎత్తునప్పుడు మొదలై, వారము పదిదినములు బాధించి తగ్గుచు, మరల ఏ బిందె నెత్తినప్పుడో, ఏ రాత్రియో బిడ్డకు పాలిచ్చుచు గంటసేపు గోడకు చేరగిలబడి కూర్చున్నప్పుడో తిరుగబెట్టుచు, తొమ్మిది నెలల పాటు ఆమె వెంట నడచిన నొప్పి అది. అప్పుడొకమారు ఆమె నాతో చెప్పుకొనగా, "బిడ్డను కన్నాక నడుం నొప్పి ఎవురికి లేదు మే, అదే పోతాదిలే" అని నేనంటిని. మా అమ్మ నాతో అన్న మాటయే నేను నా కూతురితో అంటిని. మా అమ్మతో మా అవ్వయు అదే అనియుండును. ఈ వ్యాసమునకు కారణము ఆ మాటయే.

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి యెదుట గాని, చిత్తూరు పెద్దాసుపత్రి వరండాలో గాని, బిడ్డలకు టీకాలు వేయించ వచ్చిన తల్లుల నడుమ అరగంట కూర్చుండువారికి ఈ బాధకు మన సీమలో నెన్ని పేర్లున్నవో తెలియును. నడుం పట్టేసిందనువారు, నరం పట్టుకునిందనువారు, వాయువు చేరిందనువారు, తొడ మొద్దుబారిందనువారు, పాదము చీమలు పారినట్లున్నదనువారు. ఇన్ని పేర్లు గల బాధకు చికిత్స యేమని యడిగినచో మాత్రము అందరి నోటను వచ్చు సమాధాన మొక్కటే: ఓర్చుకోవలె. ఓర్పు స్త్రీకి భూషణమని నేర్పిన వారు, ఆ ఓర్పు నరమునకు ఔషధము కాజాలదని నేర్పలేదు.

ఈ బాధ పుట్టుక నెఱిగినచో ఇది విధిలిఖితము కాదని బోధపడును. గర్భము ధరించిన తొలి మాసముల నుండియే స్త్రీ శరీరమున రిలాక్సిన్ మొదలగు హార్మోనులు అధికమై, రాబోవు బిడ్డకు దారి యిచ్చుటకై, శ్రోణి యెముకలను బిగించియుంచు కట్లను మెల్లమెల్లగా సడలింపజేయును. మరి యొకవంక కడుపు ముందునకు పెరుగుచుండగా శరీరభారము ముందునకు జరిగి, ఆ భారమునకు ఎదురుగా నిలదొక్కుకొనుటకు నడుము లోనికి వంగి, అయిదు కటికశేరుకల వెనుకనున్న కండరములు రేయింబవళ్ళు బిగిసియుండును. పొట్ట ముందరి కండరములో, నడిమి గీత వెంట సాగి, రెండు పాయలుగా ఎడబడును. వెన్నునకు వెనుక నుండి పట్టు నిచ్చునవి అలసిపోవును, ముందు నుండి పట్టు నిచ్చునవి వదులైపోవును, అడుగున పునాదియైన శ్రోణి సడలిపోవును. ఇట్టి స్థితిలో గర్భిణులలో సుమారు సగముమందికి నడుమున నొప్పి కలుగుచుండుట వింత గాదు. ప్రసవానంతరము వారిలో పెక్కుమందికి కొలది నెలలలో అది తగ్గుట ప్రకృతి యొక్క దయ. తగ్గని వారిని మనము పట్టించుకొనకుండుట మాత్రము మన నిర్దయ.

డెబ్బది గ్రాముల పిడికెడు గర్భకోశము నవమాసములలో కిలో బరువు వరకు పెరిగి, కాన్పైన పిదప ఆరు వారములలో మరల పిడికెడగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మన యిండ్లలో బాలింతరికమునకు పెట్టిన నలుబదియైదు దినముల గడువును ఇంచుమించు అంతియే. కాని సాగిన పొట్టకండరము, సడలిన శ్రోణిబంధము, నెలల తరబడి వంగియుండిన నడుము ఆరు వారములలో యథాస్థితికి రావు; వానికి అయిదారు నెలలో, ఒక్కొక్కరికి సంవత్సరమో పట్టును. మన లోకము బాలింతరికపు గడువును గర్భకోశమును బట్టి లెక్కించినదే గాని వెన్నును బట్టి లెక్కింపలేదు. అందువలననే నలుబదియారవ దినమున నడికట్టు విప్పి, పథ్యము మాని, పొయ్యి ముందరికి, పశువుల కొట్టమునకు, ఆఫీసు బస్సునకు బయలుదేరిన తల్లి, సగము కట్టిన గోడ మీద కప్పు వేసినట్లు, తన సగము కోలుకొన్న వెన్ను మీద సంసారమంతయు వేసికొనుచున్నది.

ఇక నరము సంగతి. వెన్నుపూసకును వెన్నుపూసకును నడుమ మెత్తని దిండు వంటి బిళ్ళ యొకటుండును; దానినే డాక్టర్లు డిస్కు అందురు. భారము సరిగా పంచబడనప్పుడు, ముఖ్యముగా నడుము వంచి, మెలి తిప్పి, బరువెత్తినప్పుడు ఆ బిళ్ళ వెలికి పొడుచుకొనివచ్చి, ప్రక్కగా పోవు నరపు వేరును నొక్కవచ్చును. కటి నాల్గవ, అయిదవ పూసల కడ ఇది తఱచు సంభవించును. అచ్చటి నుండి బయలుదేరిన వేళ్ళు కలిసి, మన శరీరమున నెల్ల లావుపాటిదైన సయాటిక్ నరమై, పిరుదు గుండ తొడ వెనుకగా పాదము వరకు దిగును గనుక, నొక్కుడు నడుమున నున్నను నొప్పి పిక్కలోను కాలివ్రేళ్ళలోను మెఱయును. చరకుడు వాతవ్యాధుల అధ్యాయమున దీనినే గృధ్రసి యని పేర్కొని, పిరుదు మొదలు కటి, తొడ, మోకాలు, పిక్క, పాదము అను వరుసలో నొప్పి దిగునని చెప్పినాడు. ఆ వరుస నేటి శరీరశాస్త్రపు నరపటమునకు ఎంత దగ్గరగా నున్నదో చూచినచో ఆ ప్రాచీనుల పరిశీలనకు నమస్కరింపక తప్పదు. గృధ్రమనగా గ్రద్ద, ఆ నొప్పితో కుంటుచు నడచువాని నడక గ్రద్ద నడకను తలపించునని ఆ పేరు.

అయితే, కాలిలోనికి లాగిన ప్రతి నొప్పియు నరము నొక్కుకొన్నది కాదు. తల్లులలో కనబడునది పలుమార్లు త్రికాస్థికిని శ్రోణికిని నడుమ నున్న కీలు నొప్పి. అది పిరుదులోను తొడ వెనుకను సలుపునే గాని మోకాలు దాటుట అరుదు. నిజముగా నరము నొక్కుకొన్నచో నొప్పి మోకాలి క్రిందికి దిగును, దగ్గినను తుమ్మినను ఎక్కువగును, వెల్లకిల పరుండి కాలు చాచి పైకెత్తినచో పట్టుకొనును. ఈ భేదమును పదినిమిషములు చేతులతో పరీక్షించి చెప్పగల వైద్యుడు, పరీక్షింపకయే ఎం.ఆర్.ఐ. చీటీ వ్రాసి యిచ్చువాని కంటె రోగికి ఎక్కువ మేలు చేయును. ఏలయన, ఏ నొప్పియు లేని ఇరువదేండ్ల వారికి తీసిన చిత్రములలోను నూటికి సుమారు ముప్పదిమందికి డిస్కు ఉబ్బినట్లే కనబడునని అనేక పరిశోధనలను కూర్చి చూచిన వారు తేల్చినారు. ఆ కాగితమున "డిస్కు ఉబ్బు" అను రెండు మాటలు చదివి, తన వెన్ను విరిగినదని తలచి, బిడ్డను ఎత్తుకొనుటకే భయపడిన తల్లులను నేనెఱుగుదును.

తల్లుల నరములు నడుమునందే గాక మఱికొన్ని చోట్లను నొక్కుకొనును. గర్భిణీదశలో ఒంటికి పట్టిన నీరు మణికట్టులోని ఇరుకు దారిలో నరమును ఒత్తగా అర్ధరాత్రి అరచేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చును. గజ్జ కడ నొక్కుకొన్న సన్నని నరము వలన తొడ వెలుపలి భాగము మండును. బిడ్డను చంకల క్రింద పట్టి పదేపదే ఎత్తుట వలన బొటనవ్రేలి మొదట వచ్చు నొప్పి నరమునకు సంబంధించినది కాకపోయినను ఈ కోవలోనిదే. స్విట్జర్లాండు వైద్యుడు డి కెర్వాన్ దీనిని 1895లో వర్ణించినాడు. వీనిలో పెక్కు కొలది వారముల విశ్రాంతితో పోవునవే.

ఇచ్చట మన తెలుగునాట వేళ్ళూనిన ఒక నమ్మకమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. "ఆపరేషనప్పుడు యెన్నులో సూది ఏసినారు, దాంతోనే వచ్చింది" అని చెప్పని తల్లి మన జిల్లాలో అరుదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 కాన్పులు, తెలంగాణమున 60.7 కాన్పులు సిజేరియన్లే గనుక, ఆ సూది పొందిన వారి సంఖ్య అపారము; కాన్పైన వారిలో నడుమునొప్పి గలవారి సంఖ్యయు అపారమే; రెండును ఒకే వ్యక్తి యందు కనబడినప్పుడు ఒకదానికి మఱియొకటి కారణమని తోచుట సహజము. కాని కాన్పు వేళ వెన్నులో మందు పొందిన వారిని, పొందని వారిని చాలకాలము వెంబడించి పోల్చి చూచిన పరిశీలనలలో దీర్ఘకాలపు నడుమునొప్పి విషయమున ఇరుతెగల నడుమ చెప్పుకోదగిన తేడా కానరాలేదు. సూది గ్రుచ్చిన చోట కొన్నిదినముల సలుపు, కొందఱికి లేచి కూర్చున్నపుడు తీవ్రమైన తలనొప్పి రావచ్చును, అవి తగ్గిపోవును. జర్మనీ వైద్యుడు ఆగస్ట్ బీర్ 1898లో ఆరంభించిన ఈ పద్ధతి కోట్లకొలది తల్లులకు మేలు చేసినది. ఈ నమ్మకమును నేనింతగా ఖండించుటకు కారణము, అది సూదికి చేయు అన్యాయము కాదు, తల్లికి చేయు అన్యాయము: పడిన సూదిని ఎవ్వరును వెనుకకు తీయలేరు గనుక, దాని వలన వచ్చినదనుకొన్న నొప్పియు ఇక పోనిదే యని ఆమె నిశ్చయించుకొని వైద్యుని కడకు పోవుటయే మానుకొనును.

పూర్వాచారము లన్నియు మూఢములని నేననను. చరకసంహితయందు, ప్రసవించిన స్త్రీ కడుపునకు నేయి నూనెలు పట్టించి, శుభ్రమైన పెద్ద వస్త్రముతో చుట్టవలెనని చెప్పబడినది. మన మంత్రసానులు పాతచీరతో కట్టిన నడికట్టు ఆ సంప్రదాయమునకు చెందినదే. ఎడబడిన పొట్టకండరమునకు తొలివారములలో అట్టి ఆధారము హాయి నిచ్చును. ఒంటికి నూనె మర్దించి వేడినీళ్ళు పోయుట బిగిసిన కండరములను సడలించును. అంతకంటె ముఖ్యముగా, ఆ దినములలో బిడ్డకు నీళ్ళు పోయుట అవ్వ పని. కాళ్ళు చాచి పీట మీద కూర్చొని, పిక్కల మీద బిడ్డను బోర్ల పరుండబెట్టి, గంటసేపు ముందునకు వంగి నలుగు పెట్టి నీళ్ళు పోయు ఆ పని, పచ్చిబాలింత నడుమునకు తగినది కాదని పెద్దలకు తెలియును. తిరుపతి అద్దె యిండ్లలో నేడు అవ్వలు లేరు. ఆ పీట మీద ఇప్పుడు తల్లియే కూర్చున్నది.

కాని ఆచారములలో నొకటి మనకు చేటు చేసినదని ఒప్పుకొనవలె. అది బాలింతను ఎండ తగులకుండ చీకటిగదిలో నుంచుట. సూర్యుడు సంవత్సరమంతయు నిప్పులు చెఱుగు మన తిరుపతి ప్రాంతముననే, శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్)లో అంతఃస్రావ గ్రంథుల వైద్య నిపుణుడుగా నుండిన డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులును ఇచ్చటి పట్టణవాసుల, పల్లెవాసుల రక్తమును, ఆహారమును పరీక్షించి, ఆరోగ్యవంతులుగా కనబడు జనులలోనే విటమిన్ డి కొఱత, ఆహారమున కాల్షియము కొఱత విరివిగా నున్నవని 2007లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్ పత్రికయందు ప్రకటించిరి. మన ధాన్యములలోని ఫైటేట్ అను పదార్థము ఉన్న కొలది కాల్షియమును గూడ పేగులలో బంధించివేయుచున్నదని వారు చూపిరి. పాలకు, పాడికి పేరు పడిన చిత్తూరు సీమలో, వెలుతురునకు కొదువ లేని తిరుపతిలో, ఎముకలకు ఆకలి! పాలు పాలకేంద్రమునకు పోవును, ఆడువారు నీడకు పోవుదురు. ఆ తరువాత జరుగునది ఆ పరిశోధనలో నున్నది.

విటమిన్ డి కొఱత నరమును నొక్కదు. ఆ సంగతి స్పష్టముగా చెప్పుచున్నాను. కాని ఎముకలలోను కండరములలోను దొలిచినట్టి నొప్పిని, నీరసమును అది కలిగించును. సడలిన నడుము బలపడుటకు అడ్డు తగులును. పైగా పాలిచ్చు మాసములలో తల్లి యెముకల సాంద్రత నూటికి మూడు మొదలు అయిదు వంతుల వఱకు తరిగి, పాలు మాన్పించిన పిదప మరల చేరుకొనును. బిడ్డ త్రాగు పాలలోని కాల్షియము కొంత తల్లి వెన్ను నుండి తీసినదే. పాలిచ్చు తల్లికి దినమునకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని భారత వైద్య పరిశోధన మండలి చెప్పుచున్నది. గర్భిణికి పదునాలుగవ వారము నుండి, కాన్పైన ఆరు నెలల వఱకు దినమునకు రెండు కాల్షియము మాత్రలు ప్రభుత్వము ఉచితముగ ఇయ్యవలెనని నియమము గలదు. మా యింట ఆ మాత్రలు దేవుని గూటిలో, పంచాంగము ప్రక్కన, కాన్పు నాటి నుండి కదలకుండ నుండెను. ఐరన్ మాత్రతో కలిపి వేసికొనరాదనియు, రెంటికి నడుమ రెండు గంటలైన ఎడముండవలెననియు మాకెవ్వరును చెప్పినట్లు గుర్తు లేదు. చెప్పినను మేము వినియుండము.

మన ముందటి తరము తినిన రాగిసంగటిలో, నూరు గ్రాముల రాగులకు మూడువందల మిల్లీగ్రాములకు పైబడి కాల్షియము గలదు. తెల్లబియ్యములో దానికి పదవ వంతును లేదు. రాగులలోను ఫైటేట్ ఉన్నమాట నిజమే గాని, పిండిని రాత్రంతయు పులియబెట్టి కాచిన అంబలిలో, మొలకకట్టిన రాగులలో అది తగ్గును. పులిసిన అంబలిని చద్దిముంతలో పోసికొని చేనికి పోయిన మా అవ్వకు ఫైటేటు సంగతి తెలియకపోవచ్చును. పని మాత్రము సరిగనే జరిగినది.

ఆహారమెట్లున్నను, పని భారము తగ్గకున్నచో నడుము బాగుపడదు. పలమనేరు, పుంగనూరు ప్రాంతములలో తెల్లవారుజామున నాలుగింటికే గొంతుకూర్చొని పాలు పితుకునది ఆడుది; చెనిక్కాయలు ఒలుచునది, టమేటా గంప నెత్తునది, పసిబిడ్డను ఎడమ చంకకు తగిలించుకొని కుడిచేత కట్టెలు విఱచునది ఆమెయే. బిడ్డను ఎల్లప్పుడు ఒకే ప్రక్క ఎత్తుకొనుట వలన శ్రోణి ఒకవైపునకు ఒరిగి, సడలియున్న కీలు మఱింత కదలును. చిన్న చిన్న మార్పులే ఇచ్చట పెద్ద మేలు చేయును: బిడ్డను ఎత్తునప్పుడు నడుమును గాక మోకాళ్ళను వంచి, బిడ్డను రొమ్మునకు దగ్గరగా తీసికొని లేచుట, పాలిచ్చునప్పుడు తాను బిడ్డ మీదికి వంగక, ఒడిలో దిండు పెట్టి బిడ్డను తన యెత్తునకు తెచ్చుకొనుట, పడక నుండి ప్రక్కకు ఒత్తిగిలి చేతి ఊతతో లేచుట. నిండు బిందెను మగవాడు ఎత్తుట గూడ ఈ మార్పులలో నొకటి. దీనికి ఏ డాక్టరు చీటీయు అక్కరలేదు.

ఆనాడు మేము మోకాళ్ళ పర్వతము కడనే ఆగి, ఆమెను మెల్లగా రోడ్డు మీదికి చేర్చి, బస్సెక్కి పైకి పోయి, కల్యాణకట్టలో మొక్కు తీర్చుకొని దిగివచ్చితిమి. పుత్తూరు తీసికొనిపొమ్మని బంధువులు కొందఱు చెప్పిరి. ఎముక విరిగిన వారికి పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ఎంత ప్రసిద్ధమో నాకు తెలియును, దాని యెడ నాకు గౌరవమే. కాని నరము నొక్కుకొన్నచోట విరిగిన యెముక లేదు, అందుచేత కట్టవలసినదియు లేదు. ఎముకల డాక్టరొకరు ఆమెను పరుండబెట్టి కాలెత్తి చూచి, పాదపు బలము, తిమ్మిరి పరీక్షించి, శస్త్రచికిత్స అవసరము లేదనియు, పడకకు అంటిపెట్టుకొనుట కంటె నడచుటయే మేలనియు చెప్పి ఫిజియోథెరపీకి పంపిరి. లోపలి పొట్టకండరమును మెల్లగా బిగించుట, వెల్లకిల పరుండి పిరుదులు పైకెత్తుట, మూత్రమును బిగబట్టునప్పుడు వలె శ్రోణి అడుగు కండరములను బిగించి వదలుట మొదలైన అభ్యాసములతో మూడు నెలలకు ఆమె కాలిలోని లాగుడు పోయినది. నరము నొక్కుకొన్న వారిలో పెక్కుమంది ఆరు మొదలు పండ్రెండు వారములలో కత్తి తగులకుండనే కోలుకొందురని ఆ డాక్టరు ముందే చెప్పియుండెను. మన తిరుపతిలో స్విమ్స్‌నందు ఫిజియోథెరపీ కళాశాలయే గలదు. తిరుమల తిరుపతి దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల, కీళ్ళ చికిత్సకు పేరు పొందినది. ఇంత దగ్గర నున్నదానికి మేము తొమ్మిది నెలలు ఆలస్యముగా పోతిమి.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు మాత్రము ఒక్కదినమును ఆగరాదు. మూత్రము బిగిసిపోయినను, లేక తెలియకుండ పోవుచున్నను, తొడల నడుమ జీను తగులు చోట స్పర్శ తెలియకున్నను, పాదము పైకెత్తలేక చెప్పు జారిపోవుచున్నను, ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పోవలె. ఆలస్యమైనచో ఆ నరములు మరల కోలుకొనకపోవచ్చును. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ ఎక్కువగు నొప్పి కలిసివచ్చినచో వెన్నెముక క్షయను అనుమానింపవలె. మదనపల్లె చెంత ఆరోగ్యవరము పుట్టినదే క్షయరోగుల కొఱకు. ఆ వ్యాధి ఊపిరితిత్తులకే పరిమితము కాదని మన సీమవారు మఱచిపోరాదు. చిన్న బరువెత్తగానే కత్తితో పొడిచినట్లు వెన్ను నడుమ నొప్పి పుట్టినచో, అరుదుగా నైనను, పాలిచ్చు తల్లులలో పూస నలిగియుండవచ్చును.

చిత్తూరు వారికి చికిత్సకై వేలూరు బస్సెక్కుట ప్రతిదినపు సంగతి. ఆ వేలూరి ఆసుపత్రి యెట్లు పుట్టినదో తలచుకొన్నప్పుడెల్ల నాకు తల్లులు చెప్పుకొనలేని ఈ నొప్పియే మనసునకు వచ్చును. 1894 ప్రాంతమున తిండివనములో ఒక్క రాత్రి మూడు ఇండ్లలో ముగ్గురు స్త్రీలు కాన్పు కాలేక మరణించిరి; మగ వైద్యుడు తాకుటకు ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ రాత్రిని కన్నులార చూచిన అయిడా స్కడర్ అను అమెరికా యువతి వైద్యము చదివి వచ్చి 1900లో వేలూరిలో చికిత్స ఆరంభించెను. నేడు కాన్పునకు ఆసుపత్రికి పంపని ఇల్లు మన సీమలో అరుదు. ఆ గోడ కూలినది. కాని కాన్పైన ఆరు నెలలకు, "నా పిరుదులో నొప్పి, మూత్రము ఆగుట లేదు" అని మగ డాక్టరుతోనే కాదు, అత్తతోను, పెనిమిటితోను చెప్పుకొనలేని కోడండ్రు ఇప్పటికిని వేలకొలది యున్నారు. ఆ సిగ్గు వెనుక, చెప్పినను "అందరికీ ఉండేదే" అందురను నిశ్చయము గలదు.

ఆసుపత్రిలో కాన్పైన తల్లి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరు పర్యాయములు రావలెనని నియమము. ఆమె బిడ్డ బరువు తూచును, వేడి చూచును, టీకా తేదీ చెప్పును. వైద్యారోగ్య శాఖ వారికి నాదొక మనవి: ఆ ఆరు రాకలలో కడపటి దానియందు, తల్లిని కూర్చుండబెట్టి, "నడుము ఎట్లున్నది, నొప్పి మోకాలు దాటుచున్నదా, మూత్రము సరిగా వచ్చుచున్నదా" అను మూడు ప్రశ్నలు అడుగునట్లును, అవసరమైన వారిని ఫిజియోథెరపీకి పంపునట్లును, ఆరవ నెలలో మఱియొకమారు వచ్చి అవే ప్రశ్నలు అడుగునట్లును ఏర్పాటు చేయవలెను. అత్తలకును అమ్మలకును నా మనవి ఇంకను చిన్నది. మీ కోడలో కూతురో నడుము పట్టుకొని నిలిచినప్పుడు, నేనన్న మాట మీరనకుడు. ఆమె చేతిలోని బిడ్డను మీరందుకొని, మఱునాడు ఆమెను డాక్టరు కడకు తీసికొనిపొండు.